నేరస్థుణ్ణి అర్థం చేసుకునే చదువు: క్రిమినాలజీ మీద మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఇంటర్ అయిన పిల్లల దగ్గర్నుంచి సర్వీసులో ఉన్న ఎస్సైల దాకా నన్ను అడిగేవి దాదాపు ఇవే. ఒకరికి ఫోన్లో అరగంట చెప్పి పెట్టేస్తే మర్నాడు ఇంకొకరు అదే అడుగుతారు, అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు.

## చేరకముందు

క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ రెండూ ఒకటేనా? మా ఇంట్లో అందరూ ఒకటే అంటున్నారు

కాదండీ. ఫోరెన్సిక్ వాళ్ళు వేలిముద్ర, రక్తపు మరక, తూటా, ఫోన్ డేటా చూస్తారు. క్రిమినాలజీలో మనిషిని చూస్తాం: ఎందుకు చేశాడు, ఆ వయసులోనే ఎందుకు చేశాడు, పోలీసులూ కోర్టూ జైలూ కలిసి అతన్ని ఏం చేశాయి, బయటికొచ్చాక మళ్ళీ చేస్తాడా. ఫోరెన్సిక్‌కి సైన్స్ డిగ్రీ అడుగుతారు, ల్యాబ్ ఉంటుంది. మన ల్యాబ్ అంటే కోర్టు వరండా, ములాఖత్ గది, స్టేషన్ బయట బెంచీ.

సీరియల్ కిల్లర్ల వీడియోలు చూసి దీని మీద ఇష్టం పుట్టింది. ఇది నాకు సరిపోతుందా?

ఇష్టం ఎలా పుట్టినా తప్పు లేదు, కానీ లోపలికి వచ్చాక మీకు కనిపించే మనిషి వేరు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది అండర్ ట్రయల్స్, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి నేరం ఇంకా రుజువు కాలేదు. ఎక్కువమంది పెద్దగా చదువుకోనివాళ్ళు, కుర్రాళ్ళు. బెయిల్ వచ్చినా ష్యూరిటీ పెట్టేవాళ్ళు లేక లోపలే ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ఫోన్ కొట్టేసినవాడు, తాగి తమ్ముణ్ణి కొట్టినవాడు, గంజాయి మూట మోసినందుకు దొరికినవాడు, చిట్టీల పేరుతో వీధివీధినంతా ముంచినవాడు, భార్య చావు కేసులో ఉన్నవాడు. వీళ్ళ కథ వినడానికి మీకు ఓపిక ఉందా అని అడుగుతాను నేను. ఉంటే రండి. తెలివైన హంతకుడు, అంతకంటే తెలివైన డిటెక్టివ్ కోసమే వస్తే మొదటి సెమిస్టర్‌లోనే విసుగొస్తుంది.

నాది బీకాం. చేరొచ్చా?

చేరొచ్చు. ఎంఏ క్రిమినాలజీకి చాలా యూనివర్సిటీలు ఏ డిగ్రీ అయినా తీసుకుంటాయి. బీకాం వాళ్ళకి ఇంకో లాభం కూడా ఉంది: బ్యాంకు మోసాలు, చిట్‌ఫండ్ మోసాలు చదివేటప్పుడు బ్యాలెన్స్ షీట్ చూడటం వచ్చినవాళ్ళు క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళ కోసం మిగతా అందరం కాపీలు పట్టుకుని తిరిగేవాళ్ళం.

ఎక్కడ చదవాలి? మన తెలుగు రాష్ట్రాల్లో లేదా?

దేశంలో దీనికి మొదటి డిపార్ట్‌మెంట్ 1959లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ యూనివర్సిటీలో మొదలైంది. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది తమిళనాడుకి, అక్కడ మద్రాస్ యూనివర్సిటీలోనూ తిరునెల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ యూనివర్సిటీలోనూ పాత, గట్టి డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో (టిస్) ఇది సోషల్ వర్క్‌తో కలిసి ఉంటుంది. అక్కడి వాళ్ళ ‘ప్రయాస్’ అనే ప్రాజెక్టు 1990 నుంచి స్టేషన్లలో, కోర్టుల్లో, జైళ్ళలో ఖైదీలతోనే పనిచేస్తోంది, కాబట్టి మనుషులతో నేరుగా పని చెయ్యాలనుకునేవాళ్ళకి నేను ముందు అదే చెబుతాను. గాంధీనగర్ కేంద్రంగా ఉన్న నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో, దాని ఢిల్లీ క్యాంపస్‌లో కూడా కోర్సులున్నాయి. ఉద్యోగం మానలేనివాళ్ళకి ఇగ్నోలో క్రిమినల్ జస్టిస్ పీజీ డిప్లొమా ఉంది. మన దగ్గర ఉస్మానియాలో ఫోరెన్సిక్ సైన్స్ ఉంది, హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో నేర చట్టం వైపు బలం ఉంది. నేరస్థుణ్ణి మధ్యలో పెట్టుకుని నడిచే పూర్తిస్థాయి ఎంఏ కోసం మాత్రం మనవాళ్ళు ఇప్పటికీ రైలెక్కుతున్నారు, ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది. అడ్మిషన్ పద్ధతి ఏటా మారుతుంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

ముందు లా చెయ్యాలా, సైకాలజీ చెయ్యాలా?

మీరు చివరికి ఎవరి పక్కన కూర్చోవాలనుకుంటున్నారో చూసుకోండి. కోర్టులో నిలబడి వాదించాలంటే లా తప్పదు. జైల్లో కౌన్సెలింగ్ చెయ్యాలంటే సైకాలజీ. క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీసు చెయ్యాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి, క్రిమినాలజీ ఎంఏ ఒక్కటే దానికి సరిపోదు. ఈ సంగతి కోర్సు అయిపోయాక తెలిసి టెన్షన్ పడ్డవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

"ఆడపిల్లవి, జైళ్ళ చుట్టూ తిరుగుతావా" అంటున్నారు. ఎలా ఒప్పించను?

మా నాన్నగారూ ఇదే మాట అన్నారు. ఒకరోజు ఆయన్నే జిల్లా కోర్టుకి తీసుకెళ్ళాను, విచారణ మామూలుగా ఎవరైనా వెళ్ళి చూడొచ్చు కదా. రిమాండ్ పొడిగింపుకి తెచ్చిన కుర్రాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు టిఫిన్ డబ్బా పట్టుకుని పరిగెత్తడం చూసి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయనేం మాట్లాడలేదు. ఆ తర్వాత అడ్డు చెప్పలేదు. భద్రత సంగతి అడిగితే, జైలు లోపల ఇంటర్వ్యూ ఎప్పుడూ సిబ్బందికి కనిపించే చోటే జరుగుతుంది. నాకు ఇబ్బంది ఎదురైంది ఎక్కువగా బయటే, చీకటి పడ్డాక తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు.

## చదువుతున్నప్పుడు

కొందరు పుట్టుకతోనే నేరస్థులా?

1876లో ఇటలీలో లొంబ్రోసో అనే డాక్టరు అవునన్నాడు. దవడ, చెవులు, పుర్రె కొలిచి పుట్టు నేరస్థుణ్ణి పట్టుకోవచ్చన్నాడు. తర్వాత కొలిచినవాళ్ళకి ఆ తేడాలు దొరకలేదు, ఆ సిద్ధాంతం పోయింది.

కానీ మనం దీన్ని ఇటలీలో వెతుక్కోనక్కర్లేదు, బాపట్ల జిల్లాలోనే ఉంది. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టావా, నువ్వు నేరస్థుడివే, రోజూ హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. ఎరుకల వాళ్ళు అప్పటిదాకా కోస్తా నుంచి లోపలి ఊళ్ళకి ఉప్పు, అక్కణ్ణుంచి ధాన్యం పశువుల మీద మోసుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, సరుకు రైలెక్కింది, వాళ్ళ బతుకుతెరువు పోయింది. బతుకు పోగొట్టి తర్వాత దొంగ అని ముద్ర వేశారు. వాళ్ళని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్లలో ఒకటి స్టూవర్టుపురం, సాల్వేషన్ ఆర్మీ నడిపింది, పేరు హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొరది. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది, ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరి పేరే వినపడేది. 1970లలో జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊరికి వెళ్ళి కూర్చున్నారు, దొంగతనం మానేసినవాళ్ళకి భూమి, పని, పిల్లలకి చదువు కోసం పట్టుబట్టారు. పుట్టుకే కారణమైతే అక్కడి పిల్లలు టీచర్లు, ఉద్యోగులు అయ్యేవాళ్ళే కాదు. జైలు మాన్యువళ్ళలో ఇలాంటి జాతుల మీద మిగిలిపోయిన రాతల్నీ, కులాన్ని బట్టి పని పంచడాన్నీ సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న కొట్టేసింది. అంటే ఈ కథ నిన్నటిది.

థియరీలన్నీ అమెరికా వాళ్ళవే. మనకేం పనికొస్తాయి?

కొన్ని పనికిరావు. వాళ్ళ గ్యాంగుల మీద రాసింది మన ఊరి ముఠా కక్షలకి అతకదు, మన దగ్గర కులం, నీళ్ళు, కాంట్రాక్టులు, తాతల నాటి హత్య అన్నీ కలిసి ఉంటాయి. కానీ 1957లో సైక్స్, మాట్జా అనే ఇద్దరు చెప్పింది వినండి: నేరం చేసేవాడికీ తప్పొప్పులు తెలుసు, చేసే ముందు తనకి తాను ఏదో సర్దిచెప్పుకుంటాడు. వాళ్ళు అలాంటివి ఐదు రకాలు చెప్పారు. మన మాటల్లోకి తెచ్చుకుంటే, "పరిస్థితి అలా వచ్చింది", "వాడికి బోలెడుంది, ఇంత పోతే ఏం కాదు", "వాడికి అలాగే కావాలి", "పోలీసులు తినట్లేదా", "నా వాళ్ళ కోసం చేశాను". లంచం తీసుకునే ఆఫీసర్ నోట, కట్నం తీసుకునే పెద్దమనిషి నోట కూడా ఈ ఐదే వినిపిస్తాయి. ఇది తెలిశాక నాకు లోపలివాడికీ బయటివాడికీ మధ్య గోడ బాగా పల్చగా కనిపించింది.

నేరస్థుణ్ణి అర్థం చేసుకోవడమంటే వాణ్ణి వెనకేసుకురావడమే కదా? బాధితుల గతేంటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకెప్పుడూ కోపం రాలేదు. డాక్టరు జబ్బు ఎందుకొచ్చిందో కనుక్కుంటే జబ్బుని వెనకేసుకొచ్చినట్టు కాదు. నేను ఒక అత్యాచార కేసు ముద్దాయితో మాట్లాడిన వారంలోనే ఆ అమ్మాయి పిన్నితో కూడా మాట్లాడాను. అతను చిన్నప్పుడు పడ్డ దెబ్బల గురించి నాకు తెలుసు, దానివల్ల ఆమె పడ్డది ఒక్క గ్రాము కూడా తగ్గదు. రెండూ ఒకే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కోర్సులో బాధితుల గురించి విక్టిమాలజీ అని వేరే పేపరు ఉంటుంది, అది వదిలేసి ఇది చదివేవాళ్ళని నేను నమ్మను. చాలా ఇళ్ళల్లో నిన్నటి బాధితుడే రేపటి ముద్దాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి.

కొత్త చట్టాలు వచ్చాయి కదా, ఐపీసీ చదవాలా వద్దా?

రెండూ తెలియాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, అంతకుముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే. హత్య 302 నుంచి 103 అయింది, మోసం 420 నుంచి 318 అయింది, జనం నోట్లో మాత్రం ఫోర్‌ట్వంటీ గాడు ఫోర్‌ట్వంటీ గాడే. మన సబ్జెక్టుకి అసలు ముఖ్యమైన మార్పులు వేరే ఉన్నాయి. సమాజ సేవ మొదటిసారి ఒక శిక్షగా వచ్చింది, ఉదాహరణకి 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసినవాడు సొమ్ము తిరిగిచ్చేస్తే జైలు బదులు అదే. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని అండర్ ట్రయల్, గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బెయిల్ మీద వదలాలని కొత్త ప్రొసీజర్ చట్టం 479వ సెక్షన్ చెబుతోంది, కాకపోతే మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకి ఇది వర్తించదు. జైలు బదులు మంచి నడవడిక షరతు మీద బయట వదిలే 1958 నాటి ప్రొబేషన్ చట్టం అలాగే ఉంది. 21 ఏళ్ళ లోపు కుర్రాణ్ణి, నేరానికి యావజ్జీవం లేకపోతే, వీలైనంతవరకు జైలుకి పంపొద్దని, ముందు ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించుకోమని అది చెబుతుంది.

స్టాటిస్టిక్స్ ఉంటుందా? నాకు లెక్కలంటే భయం

ఉంటుంది, శాతాలు, సగటు, కొన్ని టెస్టులు. పెద్ద కష్టం కాదు. కష్టమల్లా అంకె వెనక ఏముందో పట్టుకోవడమే. ఒక జిల్లాలో మహిళల మీద కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగి ఉండొచ్చు, లేదా ఫిర్యాదు తీసుకునే ఎస్సై వచ్చి ఉండొచ్చు. ఇంకోటి, ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే జాతీయ లెక్కల్లోకి వాటిలో పెద్దది ఒక్కటే ఎక్కుతుంది. అత్యాచారం చేసి చంపేస్తే అది అత్యాచారాల లెక్కలోకి రాదు.

## ఫీల్డ్ వర్క్‌లో

జైల్లోకి వెళ్ళి ఖైదీలతో మాట్లాడనిస్తారా?

ఇస్తారు, టైం పడుతుంది. డిపార్ట్‌మెంట్ లెటర్, మీరు అడగబోయే ప్రశ్నలు, ఎథిక్స్ కమిటీ అనుమతి జతచేసి రాష్ట్ర జైళ్ళ శాఖ ఉన్నతాధికారికి పెట్టుకోవాలి. మూడు నెలలు చేతిలో ఉంచుకోండి. ఫోన్, రికార్డర్ గేటు దగ్గరే తీసేసుకుంటారు, కాబట్టి విని గుర్తుపెట్టుకుని బయటికి రాగానే రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. నేను జైలు ఎదురుగా టీ కొట్టులో కూర్చుని రాసేదాన్ని, ఇంటికి వెళ్ళి రాద్దామనుకుంటే సగం మాటలు బస్సులోనే పోతాయి.

మొదటి ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

"ఎందుకు చేశావ్" అని మాత్రం అడక్కండి. నేను అడిగాను. హత్యాయత్నం కేసులో ఉన్న ఇరవై రెండేళ్ళ సెంట్రింగ్ పని కుర్రాడు, "తెలీదు మేడం" అని తల దించుకున్నాడు, అంతే. అప్పటికే పోలీసులు, లాయరు, మేజిస్ట్రేటు, వాళ్ళమ్మ అందరూ అడిగిన ప్రశ్న అది.

వారం తర్వాత వెళ్ళి "ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పు" అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడాడు. టిఫిన్‌కి డబ్బుల్లేవు, మేస్త్రీ మూడు వారాల కూలి ఆపాడు, బావమరిది అందరి ముందూ ఒక మాట అన్నాడు. అప్పటిదాకా వెళ్ళాను, అడిగాను, తాగాను అంటున్నవాడు అక్కడికొచ్చేసరికి "కత్తి తగిలింది" అన్నాడు. వాక్యంలోంచి తను తప్పుకున్నాడు. బొటనవేలితో బల్ల అంచు గీకుతూనే ఉన్నాడు. ఆ క్రియ మారిన చోట నా పెన్ను ఆగింది. తర్వాత ఎంతమంది దగ్గర విన్నానో, దెబ్బ పడింది, చెయ్యి జారింది, అలా జరిగిపోయింది. మన భాషలో ఇది చాలా తేలిక. "నేను పొడిచాను" అని ఎప్పుడు అంటారో, అసలు అంటారో లేదో, దానికోసం చెవి పెట్టుకుని కూర్చోవాలి.

వాళ్ళు అబద్ధం చెబితే?

చెబుతారు. రిమాండ్ రిపోర్టు, చార్జిషీటు పక్కన పెట్టి సరిచూసుకోండి, అయితే చార్జిషీటు కూడా ఒకరు రాసిందే అని గుర్తుంచుకోండి. దొంగతనం ఒప్పుకుని, తల్లిని కొట్టిన సంగతి దాచేవాడు ఉంటాడు. దేన్ని దాస్తున్నాడో చూస్తే వాడికి దేనికి సిగ్గో తెలుస్తుంది.

ఇంకో నేరం చేశానని నాకు చెబితే నేనేం చెయ్యాలి?

లాయరుకీ క్లయింటుకీ మధ్య ఉన్న రక్షణ మనకి చట్టంలో లేదు. అందుకే మాట మొదలవ్వకముందే చెప్పెయ్యాలి: "కేసులో లేని వాటి వివరాలు, పేర్లు, తేదీలు నాకు చెప్పకు. ఎవరికైనా ప్రాణాపాయం ఉందని తెలిస్తే, పిల్లల మీద అఘాయిత్యం గురించి తెలిస్తే నేను చెప్పక తప్పదు." నోట్స్‌లో అసలు పేరు రాయకండి, ఊరి పేరు కూడా.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సంగతి వేరా?

పూర్తిగా వేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో వాళ్ళని నేరస్థులు అనరు, జైలు కాదు అబ్జర్వేషన్ హోం, కోర్టు కాదు జువెనైల్ జస్టిస్ బోర్డు, అందులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. కనీస శిక్ష ఏడేళ్ళు, ఆ పైన ఉన్న ఘోర నేరాల్లో 16 దాటిన పిల్లవాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అన్నది బోర్డు ముందుగా అంచనా వెయ్యాలి: చేసే శక్తి ఉందా, ఫలితం తెలిసే చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు. సైకాలజిస్టుల సాయం తీసుకోవచ్చు. ఒక రిపోర్టు మీద ఒక జీవితం ఎటు వెళ్తుందో తేలిపోతుంది, అందుకే అరగంట మాట్లాడి నాలుగు లైన్లు రాసిన రిపోర్టు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రాత్రిళ్ళు నిద్ర పడుతుందా?

కొన్ని రోజులు పట్టదు. పసిపిల్లల కేసుల తర్వాత నాకు రెండు వారాలు అన్నం సయించలేదు. మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడండి, వరసగా అలాంటి కేసులు తీసుకోకండి, ఇంటికొచ్చాక ఫోన్లో నేర వార్తలు చూడటం ఆపండి. గట్టివాళ్ళమని చూపించుకోవడానికి ఎవరికీ చెప్పకుండా ఉన్నవాళ్ళే మధ్యలో మానేశారు.

## కోర్సు అయ్యాక

ఉద్యోగాలు ఉన్నాయా, నిజం చెప్పండి

నేరుగా "క్రిమినాలజిస్ట్ కావాలి" అనే ప్రకటన మన పేపర్లలో అరుదు. డిప్యూటీ జైలర్ పోస్టులు పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా, జైళ్ళ డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టులు గ్రూప్-1 ద్వారా వస్తాయి. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్లలో కౌన్సెలర్, ప్రొబేషన్ అధికారి పోస్టులు ఉంటాయి, ఎక్కువ కాంట్రాక్టువే, జీతం తక్కువ. హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి, భరోసా కేంద్రాలు ఉన్నాయి. టీచింగ్ వైపు యూజీసీ నెట్‌లో క్రిమినాలజీ సబ్జెక్టు ఉంది. బ్యాంకులు, పెద్ద కంపెనీల మోసాల విభాగాల్లో జీతం బాగుంటుంది, అటు వెళ్ళినవాళ్ళని నేనేం తప్పుపట్టను.

ఈ మధ్య తెరుచుకున్న ఒక దారి చెబుతాను. మరణశిక్ష వెయ్యాలా వద్దా అని తేల్చేముందు ముద్దాయి జీవితం, మానసిక స్థితి, జైల్లో నడవడిక అన్నీ కోర్టు ముందుకి రావాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ వివరాలు ఎవరో ఊరికి వెళ్ళి, తల్లినీ టీచర్నీ పక్కింటివాళ్ళనీ కలిసి సేకరించాలి. దాన్ని మిటిగేషన్ అంటారు. హైదరాబాద్ నల్సార్‌లోని స్క్వేర్ సర్కిల్ క్లినిక్ ఈ పని చేస్తోంది. తెలుగు, ఉర్దూ, హిందీ వచ్చి మనుషుల్ని మాట్లాడించగలిగినవాళ్ళకి ఇక్కడ చోటుంది.

ప్రొఫైలర్ అవ్వాలని ఉంది

నేరం జరిగిన తీరు చూసి చేసినవాడు ఎలాంటివాడో అంచనా వేసేవాణ్ణి ప్రొఫైలర్ అంటారు. మన పోలీసు శాఖల్లో ఆ పేరుతో రెగ్యులర్ పోస్టు లేదు. మన స్టేషన్ పద్ధతి వేరు, పాత నేరస్థుల జాబితా, సీసీ కెమెరా, ఫోన్ టవర్. కేడీ అనే తిట్టు కూడా అక్కణ్ణుంచే వచ్చింది, నోన్ డెప్రిడేటర్ అని రికార్డులో రాసే రెండక్షరాలు అవి.

నార్కో టెస్ట్ చేస్తే నిజం బయటికి వస్తుంది కదా?

నార్కో అంటే మందిచ్చి మత్తులో ప్రశ్నలు అడగడం. ఆ మత్తులో మనిషి మాట్లాడతాడు, అది నిజమే అన్న గ్యారంటీ లేదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్), బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యకూడదని తేల్చేసింది.

అమెరికా, యూకే వెళ్తే?

చదువు బాగుంటుంది. కానీ అమెరికాలో పోలీసు, ఫెడరల్ ఉద్యోగాలు చాలావాటికి పౌరసత్వం కావాలి. యూకేలో ఫోరెన్సిక్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే మాస్టర్స్ తర్వాత కూడా శిక్షణ, అక్కడి వృత్తి నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్పు చేసే ముందు ఇది లెక్కేసుకోండి.

ఇంత చదివారు కదా, మనుషులు నిజంగా మారతారా?

ఎక్కువమంది మారతారు. టీనేజీ చివర్లో, ఇరవైల మొదట్లో నేరాలు బాగా ఎక్కువగా ఉండి తర్వాత తగ్గిపోవడం చాలా దేశాల్లో కనిపించింది. మొఫిట్ అనే సైకాలజిస్టు 1993లో, ఆ వయసుతో పాటే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ, చిన్నప్పుడు మొదలై చివరిదాకా సాగేవాళ్ళు కొద్దిమంది అని విడదీసి చూపింది. శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు, బోస్టన్‌లో ఒకప్పుడు రిఫార్మ్ స్కూళ్ళలో ఉన్న 500 మంది కుర్రాళ్ళ పాత ఫైళ్ళు దుమ్ము దులిపి, వాళ్ళలో కొందర్ని డెబ్బై ఏళ్ళ వయసు దాకా వెతికి పట్టుకున్నారు. మంచి పెళ్ళి, నిలకడైన పని, సైన్యంలో చేరడం, ఇలాంటి మలుపుల దగ్గర చాలామంది ఆగిపోయారు.

మన దగ్గర చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది, పేరుకి జైలే, గోడల మధ్య బతుకు కాదు. తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది, వాటిలో ఖైదీలు, విడుదలైనవాళ్ళు పనిచేస్తారు. హైదరాబాద్‌లో ఉంటే ఒకసారి చంచల్‌గూడ వైపు వెళ్ళి బండిలో పెట్రోల్ కొట్టించుకోండి. ముందు మీటర్ జీరో చూపించి, అప్పుడు పైపు తీస్తారు. చిల్లర రూపాయితో సహా లెక్కపెట్టి చేతిలో పెడతారు.